రాజీ పడడమంటే ఓడిపోవడమా?

ప్రశ్న: మేడమ్, నాన్నగారి ఇంటి వెనక స్థలం గురించి మా అన్నయ్యకీ నాకూ ఆరేళ్లు మాటల్లేవు. మొన్న ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. దారి వైపు భాగం ఆయనకి, బావి వైపు భాగం నాకు. చెల్లెలికి ఫోన్ చేసి "రాజీ పడ్డాం" అని చెప్తే, "అయితే నువ్వే తగ్గావన్నమాట" అంది. అప్పటినుంచీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. రాజీ అంటే అంతేనా? అసలిది తెలుగు మాటేనా? మేం రాసుకునే కాగితంలో ఏ మాట వాడాలి?

జవాబు: మీ చెల్లెలు అన్నలాంటి మాట నేనూ పడ్డాను. అమ్మ పోయాక ఆవిడ చెక్క బీరువా దగ్గర అక్కకీ నాకూ పట్టింపు వచ్చింది. నాలుగేళ్లు పెళ్లిళ్లలో కూడా ఎదురుపడకుండా తప్పుకు తిరిగాం. చివరికి బీరువా అక్క తీసుకుంది. అందులో అమ్మ దాచుకున్న ఉత్తరాలు, చేత్తో రాసుకున్న మంగళహారతుల పుస్తకం నాకిచ్చింది. బీరువా కంటే నాకు అవే ఎక్కువ. చుట్టాల్లో ఒకావిడ మాత్రం "పోన్లే, చిన్నదానివి, నువ్వే సర్దుకున్నావు" అని వీపు నిమిరింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను సర్దుకోలేదు, రాజీ పడ్డాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

సర్దుకుపోవడానికి ఒక్కరు చాలు. అవతలివాళ్లకి తెలియాల్సిన పని కూడా లేదు. కొత్త కోడలికి "సర్దుకుపోమ్మా" అని చెప్తారు, ఆ ఇంట్లో మిగతావాళ్లకి ఎవరూ చెప్పరు. రాజీకి ఇద్దరు కావాలి. ఇద్దరి నోటా "సరే" రావాలి.

ఆ "సరే" అన్నదే ఈ మాటకి అసలు అర్థం. రాజీ అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా ఉర్దూలోకి, అక్కడినుంచి మన దగ్గరికి వచ్చింది. మూలంలో దానికి "ఇష్టపడిన, సమ్మతించిన" అని అర్థం. "మియా బీబీ రాజీ, తో క్యా కరేగా కాజీ" అనే సామెత వినే ఉంటారు. ఆలుమగలిద్దరికీ ఇష్టమైతే మధ్యలో కాజీ ఏం చేస్తాడని. అందులో ఎవరూ తగ్గలేదు చూడండి. దావా, జామీను, వకాల్తా, జప్తు కూడా ఇదే దారిన వచ్చి మనవైపోయిన మాటలే. వాటిని పరాయివని ఎవరమూ అనుకోం, రాజీని మాత్రం ఎందుకు అనుకోవాలి?

మరి ఓటమి వాసన ఎక్కడ తగిలింది? "పడు" వల్లేనని చాలామంది అంటారు. బాధపడు, భయపడు, సిగ్గుపడు లాంటివి విని "పడు" అంటే కింద పడడమే అనుకుంటారు. అది నాకు సరిగ్గా అనిపించదు. ఇష్టపడు, ఆశపడు, ముచ్చటపడు, సంతోషపడు కూడా ఉన్నాయి కదా. "పడు" ఒక స్థితిలోకి రావడాన్ని చెబుతుంది, అంతే. ఆ స్థితి మంచిదా చెడ్డదా అన్నది ముందున్న మాటని బట్టి ఉంటుంది.

నా అనుమానం "పడు" మీద కాదు, చిన్న విభక్తి మీద. "అన్నతో రాజీ పడ్డాడు" అంటే ఎదురుగా మనిషి ఉన్నాడు, ఇద్దరూ ఒప్పుకున్నారు. "నాణ్యతలో రాజీ పడ్డాడు" అంటే ఎదురుగా ఎవరూ లేరు, ఉన్నదాంట్లోంచి కొంత వదిలేసుకున్నాడు. "తో" పోయి "లో" వచ్చేసరికి ఒప్పందం కాస్తా లోపమైంది. "నాణ్యతలో రాజీ పడం", "విలువల విషయంలో రాజీ లేదు" అని ప్రకటనల్లో, ఉపన్యాసాల్లో రోజూ వింటున్నాం. విని విని ఆ రెండో అర్థమే మనసులో ముందు మెదులుతోంది. "మనస్సాక్షితో రాజీ పడ్డాడు" అన్నప్పుడు "తో" ఉన్నా అది కూడా తప్పుగానే వినిపిస్తుంది, ఎందుకంటే అక్కడా రెండో మనిషి లేడు. మీ చెల్లెలు విన్నది "లో" రాజీని, మీరు చేసింది "తో" రాజీని. ఈసారి ఫోన్లో "అన్నయ్యా నేనూ రాజీకొచ్చాం" అని చెప్పి చూడండి.

ఏ మాట వాడాలని అడిగారు కాబట్టి మిగతా మాటలూ చూద్దాం: సయోధ్య పత్రికల్లో, పార్టీల మధ్య బాగుంటుంది, ఇంట్లో బరువుగా ఉంటుంది. సంధి అంటే యుద్ధం చేసిన రాజులు గుర్తొస్తారు. కాంప్రమైజ్ అయ్యాం అని చాలామంది అంటున్నారు, తప్పేం లేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది పట్టువిడుపు. పట్టుకోవడం, విడవడం రెండూ ఒకే మాటలో ఇమిడాయి. కానీ అది ఒప్పందానికి ముందు మనిషికి ఉండాల్సిన గుణం, కుదిరిన ఒప్పందానికి పేరు కాదు.

ఇక కాగితం సంగతి. ముప్ఫై ఏళ్లకు పైగా కోర్టులో అనువాదకురాలిగా పనిచేశాను, రాజీ మెమోలు లెక్కలేనన్ని చూశాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డర్, 3వ రూల్ ప్రకారం దావాలో రాజీ కుదిరితే అది రాతలో ఉండాలి, పక్షాలు సంతకాలు పెట్టాలి. రాత, సంతకం అన్న షరతు 1976 సవరణతో వచ్చింది. బెదిరించో మోసగించో పెట్టించిన సంతకం ఉంటే ఆ రాజీ చట్టం ముందు నిలబడదు. అందుకే చాలామంది జడ్జిలు ఇద్దరినీ నిలబెట్టి "మీ ఇష్టంతోనే పెట్టారా?" అని అడుగుతారు. ఒకసారి ఒక పెద్దాయన "అలసిపోయి పెట్టానండి" అన్నాడు. జడ్జిగారు కలం కింద పెట్టి, "అలా అయితే ఇవాళ వద్దు" అని వాయిదా వేశారు. ఆ పెద్దాయన ముఖం నాకింకా కళ్లముందే ఉంది.

మీ విషయం కోర్టుదాకా పోలేదు కాబట్టి "మేమిద్దరం ఇష్టపూర్వకంగా రాజీకి వచ్చాము" అని రాసుకోండి. రాజీలోనే ఇష్టం ఉంది కదా, మళ్లీ ఎందుకని అడగొచ్చు. ఆ అర్థం ఇప్పుడు అందరికీ వినబడడం లేదు, మీ చెల్లెలికి వినబడలేదు. స్థలం హద్దులు కొలతలతో సహా రాయండి. రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్నది న్యాయవాదికి కాగితాలు చూపించి తేల్చుకోండి.

ప్రశ్న: రాజీలో కలిసిపోవడం ఉంటే, రాజీనామాలో వదిలి వెళ్లిపోవడం ఎలా వచ్చింది?

జవాబు: నామా అంటే పారశీకంలో పత్రం, మన వీలునామాలో ఉన్నదే. రాజీనామా అంటే సమ్మతి పత్రం. ఉర్దూలో ఇప్పటికీ ఇది ఇద్దరు కక్షిదారులు రాసుకునే ఒప్పంద పత్రమే. మన వైపు "నా ఇష్టంతో వదులుకుంటున్నాను" అని రాసిచ్చే కాగితానికి ఆ పేరు నిలిచింది, మొదట భూమికి, తర్వాత ఉద్యోగానికి. ముద్దాయి అనే మాటైతే అర్థంలో ఇంకా దూరం వెళ్లింది. ఉర్దూలో దావా వేసినవాడు ముద్దాయి, మనకి బోనులో నిలబడ్డవాడు ముద్దాయి.

ప్రశ్న: లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాక మనసు మారితే అప్పీలు చేయొచ్చా?

జవాబు: లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పెండింగ్ కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు తిరిగిస్తారు. రాజీ కుదరకపోతే కేసు మళ్లీ మామూలు కోర్టుకే వెళ్తుంది, కాబట్టి ఇష్టం లేకపోతే సంతకానికి ముందే చెప్పేయండి.