దెబ్బకొచ్చిన డబ్బంతా అప్పులవాళ్లకేనా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు కలిసి 31 వేల పౌండ్లు దాటేసరికి మూడేళ్ల కిందట మావారు ఐవీఏలోకి (అప్పులవాళ్లతో చట్టప్రకారం కుదుర్చుకుని నెలనెలా కట్టే ఒప్పందం) వెళ్లారు. నెలకు 240 పౌండ్లు కడుతున్నాం, ఒక్క నెలా తప్పలేదు. కిందటేడాది గోడౌన్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉండగా ఫోర్క్‌లిఫ్ట్ ఆయన కుడి పాదం మీదుగా వెళ్లింది. ఐదు నెలలు పనికి పోలేదు, నేనూ నా పార్ట్‌టైమ్ ఉద్యోగం మానుకుని చూసుకున్నాను. ఇప్పటికీ పొద్దున మంచం దిగాక గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తేగానీ ఆ పాదం నేలకు సరిగ్గా ఆనదు. ఇన్సూరెన్స్ వాళ్లు 18,500 పౌండ్లు ఇస్తామంటున్నారు. ఐవీఏలో ఉన్నారు కాబట్టి అదంతా అప్పులవాళ్లకే పోతుందని ఒకరంటారు, చప్పుడు చేయకుండా మీ మరిది అకౌంట్‌లో వేయించుకోండని ఇంకొకరంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండో సలహా సంగతి చూద్దాం అమ్మా. మరిది అకౌంట్ ఆలోచన ఈ రోజే వదిలేయండి. ఐవీఏ నడుస్తుండగా అనుకోకుండా పెద్ద మొత్తం చేతికొస్తే ఆ ఒప్పందాన్ని నడిపించే సూపర్‌వైజర్‌కి చెప్పి తీరాలని మీవారు సంతకం పెట్టిన కాగితాల్లో ఉంటుంది. దీన్నే విండ్‌ఫాల్ క్లాజు అంటారు, చాలా ఐవీఏల్లో 500 పౌండ్లు దాటితే చాలు, ఇది వర్తిస్తుంది. దాచినట్టు బయటపడితే ఐవీఏ రద్దయ్యే ప్రమాదం ఉంది, అప్పులవాళ్లు మళ్లీ నేరుగా వెంటపడతారు, దివాలాకు కూడా వెళ్లొచ్చు. మూడేళ్లలో మీరు కట్టింది 8,640 పౌండ్లు, అందులో కొంత ఎటూ ఫీజులకే పోయి ఉంటుంది. అంత కష్టపడి కట్టాక గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

అలాగని మొదటాయన చెప్పిందీ పూర్తిగా నిజం కాదు. 18,500 అని ఒకే అంకె కనిపిస్తోంది గానీ అందులో రకరకాల డబ్బులున్నాయి. పాదం నలిగినందుకు, ఆ నొప్పికి, ఇకమీదట మామూలుగా నడవలేనందుకు ఇచ్చేది ఒకటి. పోయిన జీతం ఒకటి. ఫిజియోథెరపీ, ఆస్పత్రి రాకపోకల ఖర్చులు ఒకటి. మీరు చేసిన సేవకు లెక్కగట్టింది ఇంకొకటి. వీటన్నిటినీ చట్టం ఒకే కళ్లతో చూడదు.

దివాలా తీసిన మనిషి విషయంలో ఇది ఎప్పుడో తేలింది. 1999లో ఆర్డ్ వర్సెస్ అప్టన్ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఏమందంటే, పోయిన సంపాదన కింద వచ్చింది అప్పులవాళ్ల తరఫు ట్రస్టీకి వెళ్తుంది, నొప్పికీ బాధకూ వచ్చింది మాత్రం ఆ మనిషిదే. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది, పాదం నలిగింది బ్యాంకుది కాదు కదా. అయితే మీవారు దివాలాలో లేరు, ఐవీఏలో ఉన్నారు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఐవీఏ 1986 ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందిదే అయినా ఇది ఒక ఒప్పందం, ఓటు వేసిన అప్పులవాళ్లలో అప్పు విలువ ప్రకారం కనీసం 75 శాతం ఒప్పుకుంటేనే పాసవుతుంది. అందుకే ఎవరి కాగితంలో ఏం రాసి ఉందో అదే వాళ్లకు వర్తిస్తుంది. కొన్నిట్లో నొప్పికి వచ్చే పరిహారం మినహాయింపు అని విడిగా రాసి ఉంటుంది, కొన్నిట్లో వచ్చే ఆస్తి ఏదైనా అన్నట్టు వలేసి ఉంటుంది. ప్రపోజల్, దాని వెనకాల ఉండే షరతులు, మీటింగ్‌లో అప్పులవాళ్లు చేర్చిన మార్పులు, ఈ మూడూ బయటికి తీసి చదవండి.

సూపర్‌వైజర్ ఆఫీసువాళ్లు ఫోన్‌లో "మొత్తం పంపేయండి" అన్నా కంగారుపడకండి, ఏ క్లాజు ప్రకారం అడుగుతున్నారో ఈమెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడగండి. క్లాజు మీకు వ్యతిరేకంగా ఉన్నా దారి మూసుకుపోయినట్టు కాదు. నొప్పి తాలూకు డబ్బో, చికిత్సకు కావలసినదో మీ దగ్గరే ఉంచుకోనివ్వమని అప్పులవాళ్ల ముందు వేరియేషన్, అంటే ఒప్పందంలో మార్పు, పెట్టించవచ్చు, దానికీ ఓటింగ్ ఉంటుంది.

ఇదంతా నిలబడాలంటే ఆ 18,500లో దేనికెంతో కాగితం మీద ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా అన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్తారు, దాన్ని అలాగే ఒప్పేసుకుంటే తర్వాత ఇది నొప్పిది, ఇది జీతానిది అని విడదీయడం మీ నెత్తిన పడుతుంది. మీ సాలిసిటర్‌కి, అంటే పరిహారం కేసు చూస్తున్న లాయర్‌కి, ఐవీఏ సంగతి చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడే చెప్పండి, ఉదాహరణకు నొప్పికి 11,000, జీతానికి 4,500, సేవకు 1,800, ఖర్చులకు 1,200 అన్నట్టు విడివిడిగా లెటర్ ఇమ్మనండి. నో విన్ నో ఫీ (గెలిస్తేనే ఫీజు) మీద వెళ్లుంటే సక్సెస్ ఫీజు కింద కొంత కోసుకుంటారు, నొప్పికీ ఇప్పటిదాకా జరిగిన నష్టానికీ వచ్చిన దాంట్లో 25 శాతం దాటకూడదు. ఆ కోత పోగా మిగిలిందే మీ చేతికొచ్చేది, సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు ఆ అంకే చెప్పండి.

మీ సేవ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇల్లాళ్లు దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసిన సేవకు వచ్చే పరిహారాన్ని గాయపడిన మనిషి ఆ సేవ చేసినవాళ్ల కోసమే పట్టుకుని ఉన్నట్టు లెక్క అని 1994లో హంట్ వర్సెస్ సెవర్స్ కేసులో అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అంటే ఆ భాగం మీది, మీవారి అప్పులకు సంబంధం లేనిది అని వాదించే ఆధారం మీకుంది, ఐవీఏలో మీ పేరు కూడా లేకపోతే మరీను. సాలిసిటర్‌ని ఈ మాట పేరు పెట్టి అడగండి.

యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం వస్తుంటే పరిహారం డబ్బును ఏడాది వరకు లెక్కలోకి తీసుకోరు, పర్సనల్ ఇంజురీ ట్రస్ట్‌లో (గాయం పరిహారాన్ని విడిగా ఉంచే ఏర్పాటు) పెడితే ఆ తర్వాత కూడా తీసుకోరు. కానీ ఆ ట్రస్ట్ ఐవీఏ నుంచి దాచుకునే చోటు కాదు, రెండూ కలపొద్దు. స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజెన్స్ అడ్వైస్ ఉచితంగానే సలహా ఇస్తాయి, కాగితాలు ముందు పెట్టుకుని ఫోన్ చేయండి. ఇదే ప్రశ్న స్కాట్లాండ్ నుంచి అడిగేవాళ్లకు జవాబు వేరు, అక్కడ ఐవీఏ బదులు ఉండేది ట్రస్ట్ డీడ్ అనే వేరే ఏర్పాటు.

ఇంకొకటి, మీవారు పొద్దున్నే గోడ పట్టుకుని నడుస్తున్నారన్నారు. మరి రేపటి చికిత్స ఖర్చు, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే దానిది, ఈ 18,500లో ఉందా? ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టాక పాదం ఇంకా బాగా లేదని మళ్లీ వెళ్లి అడగడానికి ఉండదు. డాక్టర్ రిపోర్టులో ఆ మాట ఎక్కడుందో సాలిసిటర్ చూపించేదాకా ఒప్పుకోవద్దని మీవారికి చెప్పండి.