తాతగారి యాషికాతో ముఖాలు ముందా, కొండలు ముందా?

పైనొకటి కిందొకటి లెన్సులుండి, పైనుంచి అద్దంలోకి వంగి చూసి తీసే మీ తాతగారి యాషికా మ్యాట్ 124జి ఫిల్మ్ కెమెరా మీ చేతికి వచ్చిందనీ, దానితో మనుషులనూ ప్రకృతి దృశ్యాలనూ కూడా తీయాలనుందనీ, ఏ ఫిల్మ్‌తో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. నేను తిరుపతిలో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే కెమెరా వాడుతున్నాను కనుక నా అనుభవంలోంచే చెబుతాను. ముందు నీడలో కూర్చున్న మనుషులను తీయండి, కొండల జోలికి తరువాత వెళ్లండి. నేను దీనికి తలకిందులుగా చేసి మొదటి మూడు రీళ్లు పాడుచేసుకున్నాను.

కారణం మన ఎండే. ఈ కెమెరా షట్టర్ గరిష్ఠ వేగం సెకనులో 500వ వంతు మాత్రమే. 400 వేగం (వెలుతురుకు స్పందించే చురుకుదనం) గల ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్ వేసుకుని ఎండలో నిలబడితే అపర్చర్‌ను 16 దగ్గర పెట్టక తప్పదు (అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది). అప్పుడు వెనకనున్న గోడా, తీగ మీద ఆరేసిన బట్టలూ ముఖంతో సమానంగా తేటగా వచ్చి కూర్చుంటాయి. నడినెత్తి సూర్యుడి వల్ల కళ్లు రెండు నల్లటి గుంటలుగా మిగులుతాయి. అదే ఫిల్మ్‌తో వసారాలోకి వస్తే సుమారు మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) వెలుతురు తగ్గి 5.6 దగ్గర తీయవచ్చు, ఇంకొంచెం లోపలికి జరిగితే 4 దగ్గర 250వ వంతుతో తీయవచ్చు. మీడియం ఫార్మాట్ (పెద్ద సైజు నెగెటివ్) అందం అక్కడే బయటపడుతుంది. దీని నెగెటివ్ వైపుకు 56 మిల్లీమీటర్ల చదరం, అంటే మామూలు 35 ఎంఎం నెగెటివ్‌కు మూడున్నర రెట్లకు పైగా వైశాల్యం. 400 వేగం ఫిల్మ్ అయినా చర్మం ఇసుక చల్లినట్లు కాక నున్నగా కనిపించడానికి అదే కారణం.

అయితే ఫోకస్ విషయంలో ఇది జాలి చూపదు. 80 ఎంఎం లెన్సును 3.5 దగ్గర పూర్తిగా తెరిచి మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 12 సెంటీమీటర్లు, మీటరు దూరానికి వస్తే అయిదారు సెంటీమీటర్లే. కన్ను తేటగా ఉండి చెవి మసకబారుతుంది. మూతలోని భూతద్దాన్ని పైకెత్తి, మనకు దగ్గరగా ఉన్న కంటి రెప్పవెంట్రుకల మీద ఫోకస్ చేసి, వెంటనే నొక్కేయాలి. ఆలస్యం చేస్తే కూర్చున్నవారు ఊపిరి తీసినంత మాత్రాన కూడా లెక్క తప్పుతుంది. ఇంకొక మాట. మనం చూసేది పై లెన్సుతో, బొమ్మ పడేది కింది లెన్సుతో కనుక దగ్గరనుంచి తీసేటప్పుడు తలపైన కొంత ఖాళీ వదలకపోతే నడినెత్తి తెగిపోతుంది.

చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వను ఒకసారి అడిగి తీశాను. నేను అద్దంలోకి వంగి ఫోకస్ తిప్పుతుంటే, "ఏం నాయనా, దాంట్లో తలొంచుకోని ఏం ఎతకతా ఉండావు?" అని ఆమె నవ్వింది, నేను నొక్కాను. కంటికి కెమెరా ఆనించి ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదనే నా నమ్మకం. అరుగు మీద కూర్చున్నవారి కళ్ల ఎత్తూ, నిలబడిన మన నడుము ఎత్తూ ఇంచుమించు ఒకటే కావడం కూడా ఈ కెమెరాకు కలిసివచ్చే సంగతి.

ముఖాలతోనూ నేను ఒక రీలు పాడుచేసుకున్నాను, అదెలాగో చెప్పాలి. మా మామయ్య తెల్ల పంచె, తెల్ల చొక్కాతో నల్లటి తలుపు ముందు కూర్చుంటే వెలుతురు కొలిచే మీటరు చూపినట్లే తీశాను. మీటరుకు తెల్లదనం తెలియదు. ఎదుట ఉన్నదంతా ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుంటుంది. పంచె ఆ బూడిదరంగుకు వచ్చింది, మామయ్య ముఖం తలుపులో కలిసిపోయింది. రీలులోని పన్నెండు ఫొటోల్లో తొమ్మిది అలాగే పోయాయి. ఇప్పుడు ముఖం దగ్గరకు వెళ్లి ముఖం వెలుతురునే కొలుస్తాను. చామనఛాయ ముఖానికి అలా కొలిస్తే కొంత ఎక్కువ వెలుతురు పడుతుంది, పడనివ్వండి. నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువను ఓర్చుకుంటుంది కానీ తక్కువను ఓర్చుకోదు. మీ కెమెరాలోని మీటరును మాత్రం నమ్మకండి. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తగ్గట్టు చేసినది, అవి ఇప్పుడు తయారు కావడం లేదు, 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే లెక్క తప్పుతుంది. ఫోనులోని లైట్ మీటర్ యాప్ చాలు.

ఇక కొండలు. తిరుమల కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి, వాటి ఎర్రటి రాతి చరియలు ఊరి వైపుకు, అంటే దక్షిణానికి తిరిగి ఉన్నాయి. మే, జూన్ నెలల్లో మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపుకు వెళ్లిపోతాడు కనుక చరియల మీద వెలుగు పడదు, పైగా వడగాలి పొగమంచులా కమ్ముకుంటుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో సూర్యుడు ఆగ్నేయం నుంచి వాలుగా వస్తాడు, రాతి పొరలన్నీ ఒక్కొక్కటిగా విడివడి కనిపిస్తాయి, వానలు వెలిసిన గాలి తేటగా ఉంటుంది. నేను తీయదగినవన్నీ ఆ రెండు నెలల్లో తీసినవే. ఇక్కడ 125 వేగం గల ఎఫ్‌పీ4 ప్లస్, నారింజ ఫిల్టరు వాడుతాను. అది నీలాకాశాన్ని ముదురు చేసి ఎర్ర రాయిని లేతగా చేస్తుంది కానీ రెండు స్టాపులు మింగుతుంది. ఒకసారి ఆ ఫిల్టరును పై లెన్సుకు తగిలించి, అద్దంలో లోకమంతా నారింజగా కనిపిస్తుంటే మురిసిపోతూ రీలంతా తీశాను, బొమ్మ పడే కింది లెన్సుకు అది తగలనే లేదు. అపర్చర్ 16 దగ్గర పెట్టి 8 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే 4 మీటర్ల నుంచి కొండ కొసదాకా తేటగా వస్తుంది. 32 వరకు మూయకండి, బొమ్మ మెత్తబడుతుంది. ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ (కెమెరా కదలకుండా షట్టర్ నొక్కే తీగ) లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

తలకోన వంటి అడవి నీడలో ఇంకొక చిక్కు ఉంది. ఎక్కువసేపు తెరిచి ఉంచినప్పుడు ఫిల్మ్ చురుకుదనం తగ్గుతుంది. హెచ్‌పీ5తో మీటరు 8 సెకన్లు అంటే నేను 15 సెకన్లు తెరుస్తాను. కొండ మీదికి వెళుతుంటే అలిపిరి తనిఖీలో సామాన్లు స్కానింగ్ యంత్రంలోకి పోతాయి కనుక రీళ్లను విడిగా సంచిలో పెట్టుకుని చేత్తో చూడమని మర్యాదగా అడగండి. కాదంటే గొడవపడకుండా ఆ రోజుకు రీళ్లను ఇంట్లో వదిలిపెట్టడమే మేలు. గుడిలోకి కెమెరా ఎలాగూ అనుమతించరు.

రీలు కడగడం మీరే నేర్చుకోండి. హెచ్‌పీ5కు డి-76 అనే డెవలపర్‌లో (బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం), నీరు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మన కుళాయి నీరు వేసవిలో 30 దాటుతుంది కనుక వెడల్పాటి బేసిన్‌లో ఐసు ముక్కలు వేసి డెవలపర్, ఫిక్సర్ సీసాలు రెండింటినీ అందులో చల్లబరుస్తాను, కడిగే నీటిని కూడా వాటికి దగ్గరగా ఉంచుతాను.

మొదటి రీలు వేసే ముందు వెనక తలుపు తెరిచి లోపలి ప్రెషర్ ప్లేటును చూడండి. ఇది 12 ఫొటోల 120 రీలుకూ, 24 ఫొటోల 220 రీలుకూ వేర్వేరు స్థానాల్లోకి జరుగుతుంది. నా చేతికి వచ్చినప్పుడు నా కెమెరాది 24 వైపు ఉండిపోయింది. 220 రీలుకు వెనక కాగితం ఉండదు కనుక ఆ స్థానం 120 రీలుకు సరిపోదు. మీది 12 వైపుకు జరిపి, కాగితం మీది బాణం గుర్తును కెమెరా గుర్తుకు ఎదురుగా తెచ్చి, చుట్ట వదులు కాకుండా బొటనవేలితో అదిమిపట్టి తలుపు మూయండి.