జీతం ఇవ్వని క్లబ్‌ను వదిలేసి వచ్చేయవచ్చా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మా తమ్ముడికి 24 ఏళ్లు. మూడేళ్ల ఒప్పందం మీద గల్ఫ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కు ఆడుతున్నాడు. మొదటి సీజన్ జీతం సరిగానే వచ్చింది. ఇప్పుడు మూడు నెలలుగా రూపాయి లేదు. కోచ్ అందరి ముందూ తిడుతున్నాడు, ఈ సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌ల్లోనే దింపాడు. అమ్మ దిగులుతో మంచం పట్టింది. చేరినప్పుడు ఇస్తామన్న సంతకం సొమ్ము కూడా ఇవ్వలేదు, గడువు దాటి 22 నెలలైంది. వాట్సాప్‌లో అడిగితే మేనేజర్ 'వచ్చే వారం' అంటున్నాడు. తమ్ముడు సెలవు పెట్టి వచ్చేసి ఇక్కడి క్లబ్‌లో చేరతానంటున్నాడు. క్లబ్‌పై ఇక్కడ చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ లేఖలో కోచ్ తిట్లు, అమ్మ దిగులు రాశారు. సంతకం సొమ్ముకు ఒక్క వాక్యం కేటాయించారు. అసలు రాయని విషయం ఇంకొకటుంది: జీతం బాకీపై క్లబ్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారా, లేదా? కేసు దాని మీదే నిలబడుతుంది.

ఫిఫా బదిలీ నిబంధనల్లో 14 బిస్ అనే నియమం 2018 నుంచి అమల్లో ఉంది. కనీసం రెండు నెలల జీతం గడువుకు ఇవ్వకపోతే ఆటగాడు న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అయితే ముందు బాకీ ఎంతో రాసి, కట్టడానికి కనీసం 15 రోజులు గడువిస్తూ నోటీసు పంపాలి. ఆ గడువులోనూ కట్టకపోతేనే రద్దు. 'వచ్చే వారం' అన్న మెసేజ్‌లు బాకీ ఉందని చూపడానికి పనికొస్తాయి, డిలీట్ చేయవద్దు. అంతేగానీ అవి నోటీసు కావు.

సెలవు పేరుతో వచ్చేసి తిరిగి వెళ్లకపోవడం అనే ఆలోచన ఈ రోజే మానుకోమనండి. నోటీసు లేకుండా వస్తే ఒప్పందం తెంచింది మీ తమ్ముడే అని క్లబ్ వాదిస్తుంది. 28 ఏళ్లలోపు చేసుకున్న ఒప్పందానికి మొదటి మూడు సీజన్లు లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది, రక్షిత కాలం, అంటే సరైన కారణం లేకుండా ఒప్పందం తెంచితే ఆటపరంగానూ శిక్ష పడే కాలం. అతను అందులోనే ఉన్నాడు. పరిహారం కట్టాల్సి రావడమే కాదు, నాలుగు నెలలు అధికారిక మ్యాచ్‌లు ఆడకుండా నిషేధమూ పడవచ్చు. ఇక పని వదిలి పారిపోయాడని యజమాని ఫిర్యాదు ఇస్తే ఏమవుతుందో మీ జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. టికెట్ చేతిలో పెట్టి 'బాకీ ఏమీ లేదు' అన్న కాగితం మీద సంతకం అడిగినా చేయవద్దు.

చీటింగ్ కేసు నిలవదు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318 కింద మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. మొదటి సీజన్ జీతం సక్రమంగా ఇచ్చారని మీరే రాశారు. మ్యాచ్‌ల్లో దింపకుండా బెంచీ మీద కూర్చోబెట్టారన్నది ఒప్పందం రద్దుకు కారణంగానూ పనికిరాదు. సీజన్ అధికారిక మ్యాచ్‌ల్లో పది శాతం కంటే తక్కువ ఆడితేనే ఆ వాదన. తొమ్మిది మ్యాచ్‌లు ఆడిన వ్యక్తికి అది కష్టం.

కాలపరిమితి సంగతి. ఇలాంటి ఆటగాడు-క్లబ్ వివాదాలు తేల్చే ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్ రెండేళ్లు దాటిన వివాదాన్ని తీసుకోదు. క్లబ్ అభ్యంతరం చెప్పకపోయినా తనంతట తానే చూస్తుంది. ఇక్కడి సివిల్ దావాల్లో మూడేళ్లు ఉంటుంది కదా అన్న లెక్క అక్కడ చెల్లదు. అంటే సంతకం సొమ్ముకు మీకు మిగిలింది రెండు నెలలు. నోటీసు పంపాం కదా అని ఊరుకోవద్దు, ఆలోపు ఫిర్యాదు దాఖలు కావాలి.

ఒప్పందం మొదటి పేజీ ఫోటో ఒక్కటే పంపారు. మిగతావి ఏజెంట్ దగ్గరున్నాయట! మూడేళ్ల జీవితం రాసిచ్చిన కాగితం వేరేవాళ్ల దగ్గర వదిలేస్తారా? వెంటనే తెప్పించండి. ఏజెంట్ ఇవ్వకపోతే క్లబ్‌నే ఈమెయిల్‌లో అడగండి. అంతర్జాతీయ బదిలీకి ఒప్పందం ఫిఫా ఆన్‌లైన్ సిస్టమ్‌లోకి ఎక్కించి ఉండాలి, కాబట్టి కాపీ లేదని క్లబ్ అనలేదు. వివాదాలు ఎక్కడ తేలాలో రాసిన నిబంధనను ముందు చదవాలి. ఆ దేశపు ట్రిబ్యునల్ పేరు ఉంటే దారి మారవచ్చు.

ఈ వారంలోనే తమ్ముడి పేరుతో క్లబ్ అధికారిక ఈమెయిల్‌కు ఇంగ్లిష్‌లో నోటీసు పంపించండి. నెలవారీగా బాకీ, సంతకం సొమ్ము, 15 రోజుల గడువు, బ్యాంకు ఖాతా వివరాలు అందులో ఉండాలి. గడువు ముగిసేదాకా ప్రాక్టీస్‌కు ఒక్క రోజు మానకూడదు. ఆ తర్వాత రద్దు లేఖ, ఆపై ఫిఫా లీగల్ పోర్టల్‌లో ఫిర్యాదు. ఆటగాడికి దీనికి ఫీజు లేదు. జీతం ఇచ్చామని రుజువు చేయాల్సింది క్లబ్బే, మీరు ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తే చాలు. తీర్పు వచ్చాకా కట్టకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్‌పై నిషేధం పడుతుంది.