బీరువా మీద నా వేలిముద్ర దొరికితే దొంగను నేనేనా?

ప్రశ్న: నేను తాళాలు, బీరువాలు బాగుచేసే పని చేస్తాను. మూడు వారాల క్రితం ఒక ఇంట్లో బీరువా తాళం మార్చి వచ్చాను. ఆ తర్వాత ఆ ఇంట్లో దొంగతనం జరిగిందట. క్లూస్ టీం బీరువా తలుపు మీద వేలిముద్రలు తీసిందనీ, నేను స్టేషన్‌కు వచ్చి వేలిముద్రలు ఇవ్వాలనీ పోలీసులు ఫోన్‌లో చెబుతున్నారు. ఇవ్వనంటే ఏమవుతుంది? ఇచ్చాక అవి సరిపోలితే నన్నే దొంగగా తేలుస్తారా? ఒకసారి ఇచ్చిన ముద్రలు ఎప్పటికీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయా?

జవాబు: మీ మూడు సందేహాల్లో రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలిన రెండింటి గురించి మీ భయం చాలావరకు తగ్గుతుంది. మీరు ఆ బీరువా తాళం మార్చారు గనుక తలుపు మీద మీ వేలిముద్ర ఉండటంలో వింత లేదు, లేకపోతేనే వింత. వేలిముద్ర ఎవరిదో నిపుణుడు చెప్పగలడు గాని, అది ఏ రోజున పడిందో నమ్మకంగా చెప్పలేడు. నున్నటి లోహం మీద పడిన ముద్రను ఎవరూ తుడవకపోతే అది వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నిలుస్తుంది. అందువల్ల ముద్ర సరిపోలిందంటే మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆ తలుపును తాకారని మాత్రమే రుజువవుతుంది. ఆ మాట మీరే ఒప్పుకుంటున్నారు కదా.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ముద్ర ఎవరిదన్న దానికంటే ఎక్కడ దొరికిందన్నదే మీ కేసులో పెద్ద ప్రశ్న అవుతుంది. తాళం చుట్టుపక్కలా, తలుపు అంచు మీదా దొరికితే మీరు చేసిన పనే దానికి సమాధానం. దొంగ లోపలికి వచ్చిన కిటికీ చువ్వ మీదనో, పనిలో భాగంగా మీరు ముట్టుకోవలసిన అవసరమే లేని నగల పెట్టె లోపలి వైపునో దొరికితే మాత్రం, అది అక్కడికి ఎలా వచ్చిందో వివరించవలసిన బరువు ఆచరణలో మీ మీదే పడుతుంది. కాబట్టి ఆ రోజు ఆ ఇంట్లో ఏ గదిలోకి వెళ్లారో, ఏయే వస్తువులు జరిపారో ఇప్పుడే గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాసుకోండి.

వేలిముద్రల పోలికను మన న్యాయస్థానాలు తేలిగ్గా తీసుకోవు. 1897లోనే కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడిన దేశం మనది. 1979లో జస్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వేలిముద్రలతో గుర్తించే శాస్త్రం పొరపాటుకు తావులేనిదన్న అర్థంలో మాట్లాడింది. అయినా చట్టం దృష్టిలో నిపుణుడి మాట ఒక అభిప్రాయమే. సాక్ష్యాల గురించిన చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ దానిని పరిగణనలోకి తీసుకోదగిన అభిప్రాయంగానే చూస్తుంది. ముద్రను ఎలా సేకరించారు, ఆ వస్తువుకు సీలు వేశారా, ల్యాబ్‌కు చేరేదాకా అది ఎవరెవరి చేతుల్లో ఉంది అన్నవి తేలకుండా ఆ అభిప్రాయానికి విలువ రాదు. 1997లో మొహమ్మద్ అమన్ కేసులో ఇత్తడి పాత్ర మీది వేలిముద్రలు నిందితుడివేనని నిపుణుడు చెప్పినా, ఆ పాత్ర బ్యూరోకు చేరేలోగా తారుమారు జరిగే అవకాశం లేదని ప్రాసిక్యూషన్ చూపలేకపోయిందనీ, నమూనా ముద్రలను మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా తీసుకున్నారనీ సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని నమ్మలేదు.

పోల్చడంలోనే పొరపాటు జరిగే సందర్భాలూ ఉన్నాయి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత దొరికిన ఒక ముద్ర అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయనను సుమారు రెండు వారాలు నిర్బంధంలో ఉంచారు. చివరికి అది వేరే వ్యక్తిదని స్పెయిన్ పోలీసులు గుర్తించాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. (మా వృత్తివాడికే ఆ గతి పట్టింది గనుక మాకు అది బాగా గుర్తుండిపోయింది.) వేలిముద్రల బ్యూరో డైరెక్టర్ నివేదికను, నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 329వ సెక్షన్ ప్రకారం, ఆయనను బోనెక్కించకుండానే సాక్ష్యంగా చదువుకోవచ్చు. అందువల్ల విచారణ దాకా వెళ్లితే, నివేదిక ఇచ్చినవారిని పిలిపించి ప్రశ్నించాలని మీ న్యాయవాది కోర్టును తప్పక అడగాలి.

ఇక ముద్రలు ఇవ్వనంటే ఏమవుతుందన్న మీ మొదటి సందేహం. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఏ నిందితుడినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతుంది. కానీ వేలిముద్ర ఇవ్వడం అలా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మనసులోని మాటను బయటపెట్టే నార్కో పరీక్ష వంటివి బలవంతంగా చేయరాదన్న 2010 నాటి సెల్వీ తీర్పు వేలిముద్రలకు వర్తించదు. అయితే ఎవరు, ఎప్పుడు అడగవచ్చన్న దానికి హద్దులున్నాయి. 2022 ఆగస్టు 4 నుంచి అమలులో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ప్రకారం అరెస్టయిన వ్యక్తి ముద్రలను పోలీసులు నేరుగా తీసుకోవచ్చు. అరెస్టు కాని మీ వంటివారు నిరాకరిస్తే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. నాగరిక్ సురక్షా సంహిత 349వ సెక్షన్ కూడా, కారణాలు రాసి, అరెస్టు కానివారి నుంచి నమూనాలు తీసుకోమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. ఉత్తర్వు వచ్చాక కూడా నిరాకరిస్తే అదే ఒక నేరమవుతుంది.

కాబట్టి ఫోన్‌లో పిలిచినంత మాత్రాన వెళ్లి ముద్రలు ఇచ్చి తీరాలన్న బాధ్యత మీకు లేదు. అయినా మీ పరిస్థితిలో పట్టుదలగా నిరాకరించమని నేను సలహా ఇవ్వను. రాతపూర్వకమైన నోటీసు అడగండి. అది నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద వస్తే మిమ్మల్ని సాక్షిగా పిలిచినట్టు, 35(3) కింద వస్తే అనుమానితుడిగా పిలిచినట్టు అర్థం. ఈ రెండో నోటీసుకు కట్టుబడి హాజరవుతున్నంతకాలం, కారణాలు రాసి నమోదు చేస్తే తప్ప మిమ్మల్ని అరెస్టు చేయరాదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది. వెళ్లేటప్పుడు న్యాయవాదిని వెంటబెట్టుకోండి. ఫలానా తేదీన ఫలానా పని మీద ఆ ఇంటికి వెళ్లానని ఒక లేఖ రాసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రసీదు, ఇంటివారితో ఫోన్‌లో నడిచిన సందేశాలు, ఫోన్‌లో డబ్బు చెల్లించిన ఆధారం జతచేయండి. ముద్రలు సరిపోలకముందే ఈ మాట రికార్డులోకి ఎక్కితే దానికి ఉండే బలం వేరు, సరిపోలిన తర్వాత చెబితే వేరు. అన్నిటికంటే ముఖ్యంగా, భయంతో ‘ఆ బీరువా ముట్టుకోలేదు’ అని మాత్రం ఎక్కడా అనకండి. నేను చూసిన కేసుల్లో నిజమైన వివరణ ఉన్నవారిని ముంచింది వేలిముద్ర కాదు, మొదట చెప్పిన ఆ ఒక్క అబద్ధమే. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద మీరు సంతకం చేయనక్కరలేదు. అరెస్టు చేస్తారన్న సహేతుకమైన భయం ఉంటే అదే సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

మీ మూడో సందేహం సమంజసమైనదే. 2022 చట్టం కింద సేకరించిన కొలతల (వేలిముద్రలూ వీటి కిందికే వస్తాయి) రికార్డును జాతీయ నేర రికార్డుల బ్యూరో 75 ఏళ్లు ఉంచవచ్చు. అయితే గతంలో శిక్ష పడని వ్యక్తిని విచారణ లేకుండా వదిలేసినా, డిశ్చార్జి చేసినా (విచారణకు ముందే కోర్టు కేసు నుంచి తప్పించినా), నిర్దోషిగా తేల్చినా, అప్పీళ్ల దశలన్నీ ముగిశాక ఆ రికార్డును నాశనం చేయాలి. ఉంచాలనుకుంటే కోర్టు గాని మేజిస్ట్రేట్ గాని కారణాలు రాసి ఆదేశించాలి. ఇది దానంతట అదే జరుగుతుందని నమ్మి కూర్చోకండి. తీర్పు లేదా ఉత్తర్వు ప్రతిని జతచేసి, ఇందుకోసం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారికి మీరే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి.