తమ్ముణ్ణి అడిగారా?

ప్రశ్న: నా వయసు 28. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం. తమ్ముడు రెండేళ్లుగా డిప్రెషన్‌తో ఇంట్లోనే ఉంటున్నాడు. మానసిక సమస్యలున్న వాళ్లకు అండగా నిలిచే ఒక సంస్థకు విరాళాలు సేకరించడానికి జనవరిలో చెన్నైలో మారథాన్ పరిగెత్తాలనుకుంటున్నాను. తమ్ముడి ఫొటో, వాడి కథతో పోస్టర్ కూడా చేయించాను. ‘ఆడపిల్లవి, రోడ్ల మీద పరుగులేంటి? ఇంటి గుట్టు బయటపడితే నీకు సంబంధాలు రావు’ అంటున్నారు నాన్న. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించాల్సిన పనే లేదు. మీ కాళ్ల మీద మీరు నిలబడ్డారు. తెల్లవారుజామున అలిపిరి రోడ్డు మీద పరిగెత్తడానికి అనుమతి అక్కర్లేదు, ఇంట్లో చెప్పి వెళ్తే చాలు. తమ్ముడి జబ్బు గురించి విని వెనక్కి పోయే సంబంధమైతే పోవడమే మేలు.

నన్ను కలవరపెట్టింది వేరే. ఇంత పెద్ద ఉత్తరంలో బూట్ల గురించి రాశారు, 42.195 కిలోమీటర్ల ప్రాక్టీసు గురించి రాశారు. తమ్ముడు ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. ‘అమ్మ కంచం వాడి గది గుమ్మం దగ్గర పెట్టి వస్తుంది, మేమెవరం లోపలికి వెళ్లం’ అన్న వాక్యం మాత్రం ఉంది. గదిలోకి వెళ్లని అక్క, వాడి ఫొటో ఊరంతా చూపిస్తానంటే ఎలాగమ్మా? నాన్నగారు పరువు కోసం దాస్తున్నారు, మీరు మంచి పని కోసం బయటపెడుతున్నారు. వాణ్ణి మాత్రం ఇద్దరూ అడగలేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఇచ్చింది. చట్టం లేకపోయినా తోడబుట్టినవాడి మనసు తెలుసుకోవద్దా?

ముందు ఆ పోస్టర్ పక్కన పెట్టండి. వాడు ‘వద్దక్కా’ అంటే ఎందుకని నిలదీయకండి. ఫొటో లేకుండానూ విరాళాలు అడగొచ్చు.

వాడు మందులు తనంతట తనే మానేశాడని చివర్లో రాశారు. టెన్షన్ పడాల్సింది దానికి. డిప్రెషన్ మందులు మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వాడు రానంటే ముందు మీరే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. బతకాలని లేదన్న మాట వాడి నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరుగు మానమనడం లేదు. వారంలో రెండు పూటలు ప్రాక్టీసు తగ్గించి వాడి పక్కన కూర్చోండి, మాట్లాడకపోయినా సరే. వస్తానంటే కపిలతీర్థం దాకా నడిపించుకుని వెళ్లండి. అప్పుడు మాత్రం మారథాన్ ఊసు ఎత్తకండి.