ఇంటి పర్మిషన్‌కు ఏజెంటు కావాలా? ముందు టేపు తీసుకుని రోడ్డు కొలవండి

మీరు అడిగింది ఇది: "నల్గొండ దగ్గర 150 గజాల ప్లాటు ఉంది. కింద ఒకటి, పైన ఒకటి వేయాలనుకుంటున్నాం. పర్మిషన్ మనమే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చా, ఏజెంటుకు ఇస్తే మంచిదా? ఎంత ఖర్చవుతుంది?"

మనమే పెట్టుకోవచ్చు. కానీ నన్నడిగితే ఏజెంటు సంగతి తర్వాత. మీ ప్లాటు ముందు రోడ్డు ఎన్ని అడుగులుంది? డాక్యుమెంటులో రాసింది కాదు, నేల మీద ఉన్నది చెప్పండి. మాదీ సరిగ్గా 150 గజాలే, ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల లోతు, తూర్పు ముఖం. ఈ ఒక్క ప్రశ్న మేము వేసుకోకపోవడం వల్ల 2022లో మా ఇంట్లో నెల రోజులు ఎవరికీ నిద్ర లేదు.

ఊరు నల్గొండ జిల్లాలోనే. మున్సిపాలిటీ పేరు ఇక్కడ అనవసరం. మా నాయిన బత్తాయి తోట మీద మిగిలిన డబ్బుతో 2008లో కొన్నాడు ఆ ప్లాటు. అప్పుడది ఊరి అంచు. ఒక పక్క కొత్తగా రాళ్లు పాతిన వెంచర్, ఎదురుగా గ్రామకంఠంలో పాత ఇళ్లు, మధ్యలో ఎప్పటిదో బండ్ల బాట. వెంచర్ చేసినాయన ఆ బండ్ల బాటనే "30 అడుగుల రోడ్డు" అని అందరి రిజిస్ట్రేషన్ కాగితాల్లో హద్దుగా రాయించాడు. మా సేల్ డీడ్‌లో కూడా "తూర్పు: 30 అడుగుల రోడ్డు" అనే ఉంది. పద్నాలుగేళ్లు మేము ఆ మాటే నమ్మాం. రోజూ ఆ బాట మీద నడిచి కూడా ఒక్కరోజు కొలవలేదు.

2022లో ఇల్లు మొదలుపెట్టాం. అప్పటికి టీఎస్ బీపాస్, అంటే ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే తెలంగాణ పద్ధతి, వచ్చి రెండేళ్లవుతోంది. ఆ చట్టం 2020లో వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, ఎత్తు 10 మీటర్ల లోపు అయితే అప్లికేషన్ పెట్టి ఫీజు కడితే వెంటనే అనుమతి వస్తుంది. దాన్నే సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటారు. ఇప్పుడు బిల్డ్‌నౌ అని కొత్త వెబ్‌సైటు వచ్చింది. వెబ్‌సైటు ఏదైనా, అప్లికేషన్‌లో రాసిన ప్రతి అంకెకు పూచీ ఇచ్చేది మీరే. "నేను చెప్పింది నిజం, అబద్ధమైతే నా మీద చర్య తీసుకోండి" అని మీరే సంతకం పెట్టి ఇస్తున్నారు. వెంటనే వచ్చింది కాబట్టి ఇక పని అయిపోయిందని అనుకోవద్దు. ఆ తర్వాత 21 రోజుల లోపు వాళ్లు వచ్చి చూస్తారు. తప్పు సమాచారం ఇచ్చినట్టు తేలితే అనుమతి రద్దు చేసే అధికారం వాళ్లకుంది.

మాకు ఇదంతా తెలియదు. ప్లాన్లు గీసే ఒక సెంటర్‌లో ఇచ్చాం. ఆయన పన్నెండు వేలు తీసుకుని, మా సేల్ డీడ్ ముందు పెట్టుకుని, పది నిమిషాల్లో ఫారం నింపేశాడు. రోడ్డు వెడల్పు దగ్గర 9.14 మీటర్లని కొట్టాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. ముప్పై అడుగులంటే అంతే కదా అనుకున్నాను. ప్లాటు చూడ్డానికి ఆయన ఒక్కసారి కూడా రాలేదు. రమ్మని నేనూ అడగలేదు.

అదే సమయంలో వాస్తు కోసం మేము పడ్డ తంటా చెప్పాలి. ఈశాన్యం పెరిగిందా, మెట్లు ఏ మూలన పడాలి, బోరు ఎక్కడ, సంపు ఎక్కడ అని మూడు వారాలు కొట్టుకున్నాం. ఇద్దరు పంతుళ్లను పిలిపించి ఇద్దరి మాటా విన్నాం. తాడు పట్టి అంగుళాలతో సహా ప్లాటంతా కొలిపించాం. ఆ తాడు గేటు దాటి రోడ్డు మీదికి మాత్రం వెళ్లలేదు. మన దగ్గర ఇల్లు కట్టేవాళ్లందరిలో ఇదే చూస్తున్నాను. వాస్తు తప్పితే భయపడతారు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తప్పితే "ఏం గాదు" అంటారు. నాకిది అస్సలు నచ్చదు.

అనుమతి వచ్చిన తొమ్మిదో రోజు శంకుస్థాపన చేశాం. ముగ్గు పోసి పన్నెండు పిల్లర్ గుంతలు తవ్వాం. పదహారో రోజు ముందు వరసలో రెండు గుంతలకు జాలీ వేసి కంకర పోశారు. పద్దెనిమిదో రోజు పొద్దున మున్సిపాలిటీ నుంచి ఇద్దరు వచ్చారు, ఒక మేడం, ఒక చైన్‌మన్. రాత్రి వాన పడి బాటంతా బురద. చైన్‌మన్ టేపు కొస పట్టుకుని ఎదురింటి పాత రాతిగోడకు ఆనించి నిలబడ్డాడు. మేడం చెప్పులు చేతపట్టుకుని, మట్టిలో కాళ్లు దిగబడుతుంటే మా హద్దు రాయి దాకా టేపు లాగింది. వంగి చదివింది. ఆరు మీటర్ల పది.

ఇంకోసారి లాగమన్నాను. లాగారు. అంతే వచ్చింది. ఇరవై అడుగులు.

"సార్, మీరు తొమ్మిది మీటర్లని పెట్టిండ్రు కదా" అంది మేడం, ఫోన్‌లో మా అప్లికేషన్ చూపిస్తూ.

"డాక్యుమెంటుల ముప్పై ఫీట్లున్నది మేడం."

"డాక్యుమెంటు కాదు సార్, రోడ్డు చూడాలె గదా."

ఆమె మాటలో కోపం లేదు. నిదానంగా లెక్క వివరించింది. రోడ్డు ముప్పై అడుగులు ఉండాలి. ఉన్నది ఇరవై. తక్కువైన పదిలో సగం, అంటే అయిదు అడుగులు, రోడ్డు కోసం మన స్థలంలోంచి వదలాలి. మిగతా అయిదు ఎదుటివాళ్లు కట్టుకునేటప్పుడు వదులుతారు. ఆ వదిలిన చోటి నుంచి మళ్లీ ముందు సెట్‌బ్యాక్ మొదలవుతుంది. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు, చిన్న రోడ్డు మీద, ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదలాలి. మా ప్లాటు 125 చదరపు మీటర్లు, కాబట్టి మాకు అదే లెక్క.

మీదీ 150 గజాలే కాబట్టి మా లెక్క చూసుకోండి. రోడ్డు నిజంగా ముప్పై ఉండి ఉంటే ముందు అయిదు అడుగులు, వెనక మూడుంపావు పోగా ముప్పై ఆరుముప్పావు అడుగుల లోతు ఇల్లు వచ్చేది. ఇప్పుడు ముప్పై ఒకటిముప్పావు. వెడల్పు ఎలాగూ ఇరవై మూడున్నరే. రోడ్డుకు పోయింది పదహారు గజాల పైన. మా ప్లాన్‌లో ఆ అయిదు అడుగులు ఏమిటో తెలుసా? ముందు వరండా. నాయిన పొద్దున కూర్చుని పేపర్ చదువుకోవడానికని అడిగి వేయించుకున్న వరండా.

కంకర పోసిన ఆ రెండు గుంతలు వదిలేసి, ముందు వరస మొత్తం అయిదు అడుగులు వెనక్కి జరిపాం. ప్లాన్ మళ్లీ గీయించాం, ఈసారి లైసెన్స్ ఉన్న ఇంజనీరును ప్లాటు దగ్గరకే తీసుకొచ్చి. రోడ్డుకు వదిలిన భాగాన్ని మున్సిపాలిటీ పేరున గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించాం. ఇనుము, కూలి, కాగితాలు, అన్నీ కలిపి ఎనభై అయిదు వేలు అయింది. ప్లాన్ సెంటరాయన "డాక్యుమెంటుల ఉన్నదే రాసిన, నా తప్పేమున్నది?" అన్నాడు. రూపాయి తిరిగివ్వలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది తర్వాత తెలిసింది. మా ప్లాటుకు 2015లో వచ్చిన ఎల్ఆర్ఎస్‌లోనే, అంటే అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్లను సరిచేసే స్కీములోనే, క్రమబద్ధీకరణ అయింది. ఆ ప్రొసీడింగ్స్ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచాం. గిఫ్ట్ డీడ్ కోసం తీసి చదివితే, ఇంగ్లీషులో, ఒక చిన్న పేరాలో, రోడ్డు వెడల్పు కోసం స్థలం వదిలి కట్టుకోవాలని అందులోనే ఉంది. ఏళ్లుగా మా బీరువాలోనే ఉంది. ఇలాంటి కాగితాలు తెలుగులో ఎందుకు ఇవ్వరు? బత్తాయిలు అమ్ముకుని ప్లాటు కొన్న రైతుకు ఆ పేరా ఎవరు చదివి చెప్తారు? మీకు ఎల్ఆర్ఎస్ కాగితం ఉంటే ఈ రోజే తీసి చివరి లైను వరకు చదవండి, అర్థం కాకపోతే చదివించుకోండి.

ఎల్ఆర్ఎస్ ఇంకా లేకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. మా బామ్మర్ది 2020 స్కీములో వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేశాడు. 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు గానీ అతని ఫైలు కదల్లేదు. అయిదేళ్లు ఇల్లు కట్టుకోలేక కిరాయి ఇంట్లో ఉన్నాడు. ఇక చేతి కాగితం మీద, సాదా బైనామా మీద కొన్నదైతే పర్మిషన్ మాట తర్వాత, ముందు రిజిస్ట్రేషన్ దారి చూసుకోండి.

దగ్గర్లో చెరువో కుంటో కాలువో ఉంటే ఇంకో టేపు కూడా లాగాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంట అయితే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైనా 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే ఎండాకాలంలో కనిపించే నీటి అంచు కాదు, చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఆగే చోటు. పాలమూరులో మా చిన్నమ్మ కొడుకు మే నెలలో ప్లాటు చూసి బయానా ఇచ్చాడు. ఆగస్టులో వెళ్లి చూస్తే హద్దు రాళ్లు నీళ్లలో ఉన్నాయి. బయానా పోయింది, ప్రాణం కుదుటపడింది. మన దగ్గర చెరువు పక్క ప్లాటును వానాకాలంలోనే చూడాలి.

మరి ఆ రోడ్డు రూల్ మీద నాకు కోపం ఉందా అంటే, లేదు. 2023లో ఒక రాత్రి నాయినకు గుండెలో నొప్పి వస్తే 108 వచ్చి సందు మొదట్లో ఆగిపోయింది. ఒకాయన ఇల్లు ఎత్తులో కట్టి, బండి ఎక్కడానికి రోడ్డు మీదికి నాలుగు అడుగుల ర్యాంపు పోశాడు. ఇంకొకాయన మోరీ మీద బండలు పరిచి కారు పెట్టాడు. ఇరవై అడుగుల రోడ్డులో పన్నెండు కూడా మిగల్లేదు. నాయినను స్ట్రెచర్ మీద అక్కడిదాకా మోసుకెళ్లాం. దేవుడి దయ, బతికి వచ్చాడు. ఆ రాత్రి తర్వాత ముప్పై అడుగుల రోడ్డు ఎందుకని నేను ఎవరినీ అడగను.

నా బాధల్లా ఇదే. పర్మిషన్ తీసుకుని కట్టినవాడే స్థలం వదులుతున్నాడు. మా తర్వాత ఆ వరసలో మూడు ఇళ్లు లేచాయి. ఒక్కటీ వెనక్కి జరగలేదు. ఇప్పుడు మా ఇంటి ముందు మాత్రం బాట అయిదు అడుగులు లోపలికి వచ్చి, మళ్లీ సన్నబడుతుంది. ఆ ఖాళీలో పక్కింటాయన ట్రాక్టర్ పెడతాడు. గిఫ్ట్ డీడ్ తీసుకున్నప్పుడే మున్సిపాలిటీ అక్కడ రాళ్లు పాతి, సందు మొత్తానికి ముగ్గుతో గీత గీస్తే, కొత్తగా కట్టేవాడికి చెప్పాల్సిన పనే ఉండదు. వార్డు సభల్లో నేను ప్రతిసారీ ఇదే అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

ఖర్చు సంగతి. ఫీజు మీ ప్లాటును, కట్టే విస్తీర్ణాన్ని బట్టి వెబ్‌సైటే లెక్క కడుతుంది. లేబర్ సెస్ ఒక శాతం ఉంటుంది, సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇల్లు, ఖర్చు యాభై లక్షల లోపు అయితే (2025 నవంబరు వరకు ఈ పరిమితి పది లక్షలే) అది వర్తించదు. ప్లాన్‌ను లైసెన్స్ ఉన్న ఇంజనీరుతోనే గీయించండి, ఆయన ప్లాటు దగ్గరికి వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఫారంలో అంకెలు కొట్టేటప్పుడు పక్కనే ఉండి, ప్రతి అంకెనూ మీరు కొలిచిన దాంతో పోల్చుకోండి. బ్యాంకు లోన్‌కు కూడా వాళ్లు అడిగేది ఈ ప్లానే.

రేపు పొద్దున ఇద్దరు వెళ్లి ఎదుటి గోడ నుంచి మీ హద్దు రాయి వరకు టేపు లాగండి. ప్లాటు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. ఆ రెండు అంకెలు, ప్లాటు వెడల్పు, లోతు నాకు చెప్పండి. 150 గజాల్లో ఇల్లు ఎంత వస్తుందో లెక్క వేసి చెప్తాను.