కండొనేషన్‌లో డొనేషన్ ఉందా?

ప్రశ్న: హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయికి కామెర్లు రావడంతో నెలకు పైగా కాలేజీకి పోలేదు. హాజరు తక్కువైనవారు డాక్టరు సర్టిఫికెట్ జతచేసి కండొనేషన్ ఫీజు కట్టాలని నోటీసు పెట్టారు. ఇది డొనేషన్ లాంటిదేనా? తెలుగులో ఏమనాలి?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇది డొనేషన్ కాదు. అయినా మీ అనుమానం వట్టిది కాదు. రెండు మాటలూ 'ఇవ్వడం' అనే అర్థమున్న 'దొనారే' అనే లాటిన్ క్రియ నుంచే పుట్టాయి. మన 'క్షమాభిక్ష'లో కూడా ఇచ్చే భావమే ఉంది కదా.

లోపం జరిగిందని ఒప్పుకొంటూనే, తగిన కారణం ఉన్నందువల్ల దానిని అడ్డుగా పరిగణించకపోవడమే కండొనేషన్. కోర్టుల్లో ఈ మాట నిత్యం వినిపిస్తుంది. సివిల్ డిక్రీపై హైకోర్టుకు 90 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. 97వ రోజున వెళ్లినవారు 1963 నాటి కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టి, ఆ 7 రోజుల ఆలస్యానికి కారణం చూపాలి. కోర్టు మన్నించేది ఆలస్యాన్ని మాత్రమే. అసలు వివాదంలో న్యాయం ఎవరిదన్నది అప్పటికింకా తేలదు. హాజరు సంగతీ అంతే. 75 శాతం ఉండవలసిన చోట 68 ఉంటే, ఫీజు కట్టినంత మాత్రాన అది 75 కాదు. కొరత కొరతగానే ఉంటుంది, పరీక్ష మాత్రం రాయనిస్తారు.

మన వైపు నోటికి ముందుగా వచ్చేది ఉర్దూ నుంచి అందిన 'మాఫీ'. కానీ రుణమాఫీలో బాకీయే రద్దవుతుంది కాబట్టి ఆ మాట ఇక్కడ సరిగా అతకదు. 'క్షమాపణ' అంటే, చెప్పుకొనేదన్న అర్థమే నేడు బలపడింది. అందుకే నేను 'మన్నింపు' అంటాను: హాజరు కొరత మన్నింపు రుసుము.

ఇక 'కండోన్' అనే క్రియ నేటి వాడుక ఇంగ్లీషులో, తప్పును చూసీచూడనట్లు వదిలేయడం, మౌనంగా సమ్మతించడం అనే అర్థంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. హింసను కండోన్ చేయబోమని నాయకులు అనేది ఆ అర్థంలోనే.

దరఖాస్తులో మీ అమ్మాయి 'కండోన్ మీ' అని రాయకూడదు. ఈ క్రియకు కర్మ మనిషి కాదు, లోపం. 'కండోన్ ద షార్టేజ్ ఆఫ్ అటెండెన్స్' అని రాయాలి. జబ్బుపడిన పిల్ల తనను క్షమించమని వేడుకోవలసిన పని లేదు.